ఇంటి మిక్సింగులో పాతకాలపు కంప్రెసర్లు: ఒక్కొక్కటిగా నేర్చుకునే పద్ధతి

కడపలో ఎవరితోనైనా కంప్రెసర్ మాట ఎత్తితే, ఎదుటివారు ముందుగా బోరు ఎన్ని అడుగులు పడిందని అడుగుతారు. ఇక్కడ చెప్పబోయే కంప్రెసర్ నీళ్లు తోడేది కాదు. పాటలో గొంతు హఠాత్తుగా పెరిగిన చోట దానిని కొంత అణిచి, మెల్లగా పలికిన మాటకూ గట్టిగా పలికిన మాటకూ మధ్య ఉన్న దూరాన్ని కుదించే పరికరం ఇది. స్టూడియోలలో దశాబ్దాలుగా వాడిన ఇలాంటి యంత్రాల నమూనాలు ఇప్పుడు ప్లగిన్ల రూపంలో, అంటే రికార్డింగు సాఫ్ట్‌వేరుకు జతచేసుకునే చిన్న ప్రోగ్రాముల రూపంలో దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని ఉచితం కూడా.

ఇంట్లో ఒక గది, ఒక ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక జత హెడ్‌ఫోన్లతో చెక్కభజన పాటలు, కీర్తనలు, మిత్రుల సొంత పాటలు మిక్స్ చేయడం, అంటే విడివిడి ట్రాకుల స్థాయిలు కుదిర్చి ఒక్క పాటగా కలపడం, నాకు అలవాటు. మొదటి రెండేళ్లు నేను చేసిందల్లా కంప్రెసర్ ప్లగిన్ తెరిచి, అందులో గాత్రానికని పెట్టిన ప్రీసెట్ ఎంచుకుని, పాట పెద్దగా వినిపించినందుకు సంతోషించడమే. ఆ తర్వాత మిగతా ప్లగిన్లన్నిటినీ పక్కనబెట్టి, పాత యంత్రాల నమూనాలను ఒక్కొక్కటిగా, వారాల తరబడి ఒకే పాట మీద వాడి చూశాను. ఈనాటి డిజిటల్ కంప్రెసర్లో పదిహేను మీటలుంటే కళ్లు వాటి చుట్టూనే తిరుగుతాయి. తిప్పడానికి రెండే మీటలున్న చోట చెవి పని చేయక తప్పదు. పాతవాటితో మొదలుపెట్టమని చెప్పడానికి ఇదే కారణం, వాటి ధ్వనికి ఏదో మహిమ ఉందని కాదు.

ముందుగా తెలియవలసిన లెక్క

చెరువు కింద సేద్యం చేసే ఊళ్లలో నీరుగంటి ఉంటాడు. కట్ట మీద ఒక మట్టం గుర్తు ఉందనీ, నీరు ఆ గుర్తు దాటితే అతడు తూము ఎత్తుతాడనీ అనుకుందాం. ఆ గుర్తు థ్రెషోల్డ్. దాటిన నీటిలో ఎంత భాగాన్ని వదిలేస్తాడన్నది రేషియో. గుర్తు దాటిందని తెలిశాక ఎంత చురుకుగా పరుగెత్తి తూము ఎత్తుతాడన్నది అటాక్. మట్టం దిగిన తర్వాత ఎంతసేపటికి తూము దించుతాడన్నది రిలీజ్.

అంకెల్లో చూద్దాం. డీబీ (డెసిబెల్) అంటే ధ్వని స్థాయికి కొలత. డిజిటల్ మీటరు మీద సున్నాయే అన్నిటికంటే పై గుర్తు కాబట్టి, స్థాయిలన్నీ మైనస్‌లోనే ఉంటాయి. థ్రెషోల్డ్ మైనస్ 20 డీబీ, రేషియో 4:1 అని పెట్టాం. గాయకుడు ఒక మాటను మైనస్ 8 డీబీ దగ్గర పలికాడు. అంటే గుర్తు మీద 12 డీబీ ఎక్కువ. ఆ 12లో నాలుగో వంతు, అంటే 3 డీబీ మాత్రమే బయటికి వస్తుంది కాబట్టి ఆ మాట మైనస్ 17 దగ్గర వినిపిస్తుంది. తగ్గిన 9 డీబీని గెయిన్ రిడక్షన్ అంటారు, మీటరు ముల్లు చూపేది దానినే. తగ్గినదానిని తిరిగి ఎత్తుకోవడానికి చివర్లో పెంచే స్థాయి మేకప్ గెయిన్.

థ్రెషోల్డ్, రేషియోల గురించి అందరూ మాట్లాడతారు, కానీ ఒక యంత్రాన్ని మరొక యంత్రం నుంచి వేరు చేసేది ప్రధానంగా అటాక్, రిలీజ్‌లే. ఏ పాత కంప్రెసర్‌ను పట్టుకున్నా, ఎంత త్వరగా పట్టుకుంటుంది, ఎలా వదులుతుంది అన్న రెండు ప్రశ్నలు వేయాలి. రెండవ ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వాలి.

మొదటి మెట్టు: గదినీ రికార్డింగునూ సరిచేసుకోవడం

మా ఇళ్లలో నేల మీద కడప బండలే ఉంటాయి. ఎండాకాలంలో కాలికి చల్లగా ఉంటాయి కానీ మైకుకు అవి శత్రువులు. ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే, బండకూ పైకప్పుకూ మధ్య ఆ శబ్దం కణకణమని మోగుతూ కాసేపు నిలిచిపోవడం వినిపిస్తుంది. మామూలుగా వింటున్నప్పుడు ఈ మోత రికార్డింగులో ఉన్నట్టే తెలియదు. కంప్రెసర్ గట్టి మాటలను అణిచి మొత్తాన్ని పైకి ఎత్తినప్పుడు, మాటల మధ్యనున్న ఖాళీలు కూడా పైకి లేస్తాయి. 10 డీబీ అణిచి 10 డీబీ మేకప్ ఇస్తే, గొంతు ఆగిన ప్రతి చోటా గది మోత, ఫ్యాను గాలి, వీధిలోని బండి చప్పుడు అంతకు ముందుకంటే 10 డీబీ పెద్దవవుతాయి.

ఒకసారి మా వీధిలోని చెక్కభజన గురువుగారి పాటను, ఉక్క భరించలేక ఫ్యాను తిరుగుతుండగానే రికార్డు చేశాను. మిక్స్‌లో 12 డీబీ దాకా అణిచి, చాలా బాగా కుదిరిందనుకుని ఆయనకు వినిపించాను. ఆయన అర నిమిషం విని, “ఏంది నాయనా, నేను బాయిలో కూచోని పాడినట్టుండాదే!” అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. మైకు పట్టిన గదిని నేనే కంప్రెసర్‌తో పైకి లాగి గొంతు పక్కన కూర్చోబెట్టాను.

కాబట్టి గాయకుని కాళ్ల కింద మందపాటి జంపఖానా పరచండి. వెనుకవైపూ రెండు పక్కలా తాడు కట్టి బొంతలు వేలాడదీయండి. మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉంచండి. ఫ్యాను ఆపండి. మే నెలలో ఇది శిక్షే కాబట్టి, మా ఇంట్లో గాత్రం రికార్డింగు తెల్లవారుజామున ఐదింటికి మొదలై, ఎండ ఎక్కక ముందే ముగుస్తుంది.

రికార్డింగు 24 బిట్లలో చేయండి. గొంతు సగటు స్థాయి డిజిటల్ మీటరు మీద మైనస్ 18 దగ్గర, పెద్ద శిఖరాలు మైనస్ 10 దాటకుండా ఉంటే చాలు. పాత యంత్రాలను అనుకరించే ప్లగిన్లు చాలావరకు మైనస్ 18 డిజిటల్ స్థాయిని అసలు యంత్రంలోని సున్నా వీయూగా (పాత ముల్లు మీటరు మీద మామూలు పని స్థాయి గుర్తుగా) లెక్కించేలా తయారవుతాయి. సున్నాకు ఆనుకుని రికార్డు చేసిన ట్రాకును వాటిలోకి పంపితే, ఏ మీటా తిప్పకముందే ముల్లు కుడి నుంచి ఎడమకు పడిపోయి లేవదు. చాలామంది ఈ ప్లగిన్ పనికిరాదని తీసేసేది ఇక్కడే. కంప్రెసర్ ముందు ఒక ఈక్యూ (ధ్వనిలో హెచ్చు, తగ్గు శ్రుతుల భాగాలను విడిగా పెంచి తగ్గించే ప్లగిన్) పెట్టి, గాత్రంలో 80 హెర్ట్జ్ కిందనున్నదంతా తీసేయడం కూడా అవసరమే. లేకపోతే ‘భ’, ‘ఫ’ లాంటి అక్షరాల దగ్గర మైకును తాకే గాలి దెబ్బకు కంప్రెసర్ ఉలిక్కిపడి, పలుకు మొత్తాన్నీ అణిచేస్తుంది.

రెండవ మెట్టు: చెవి మోసపోకుండా చూసుకోవడం

కొంచెం పెద్దగా వినిపించేది మంచిదని చెవికి అనిపిస్తుంది. కంప్రెసర్ నేర్చుకునేవారిని చెడగొట్టేది ఇదొక్కటే. ప్లగిన్ వేసినప్పుడూ తీసినప్పుడూ స్థాయి ఒకేలా ఉండకపోతే మీరు వింటున్నది కంప్రెషన్‌ను కాదు, కేవలం వాల్యూమును. ఆటో మేకప్ అన్న బొత్తాము ఉంటే ఆపేయండి. ట్రాకు చివర ఒక లౌడ్‌నెస్ మీటరు పెట్టి, ప్లగిన్ లేకుండా ఒక చరణం, ప్లగిన్‌తో అదే చరణం వినిపించి, రెండింటి అంకె అర డీబీ తేడాలోపు వచ్చేదాకా అవుట్‌పుట్ సరిచేయండి.

ఆ తర్వాత కళ్లు మూసుకుని ఇంట్లో మరొకరికి మౌస్ ఇవ్వండి. వారు చెప్పకుండా ప్లగిన్‌ను వేస్తూ తీస్తూ ఉంటే, ఏది ఏదో మీరు చెప్పాలి. మా ఇంట్లో ఈ పని ఇష్టంగా చేసేది మా మేనకోడలు, ఎందుకంటే మొదటి వారమంతా నేను చెప్పినవాటిలో సగం తప్పులే.

మూడవ మెట్టు: ఎల్‌ఏ-2ఏతో గాత్రం

కాలిఫోర్నియాలోని పసడెనాలో టెలిట్రానిక్స్ సంస్థను నడిపిన జిమ్ లారెన్స్, 1960లలో ప్రసార కేంద్రాల కోసం ఎల్‌ఏ-2ఏ అనే ఈ కంప్రెసర్‌ను రూపొందించాడు. యంత్రం లోపల ఒక మూసిన డబ్బాలో, విద్యుత్తు అందితే మెరిసే పలక ఒకటి, దాని ఎదురుగా కాంతి పడితే నిరోధం మారే కాడ్మియం సల్ఫైడ్ కణం ఒకటి ఉంటాయి. గొంతు పెరిగితే పలక ఎక్కువగా మెరుస్తుంది, కణం దానికి స్పందిస్తుంది, స్థాయి తగ్గుతుంది. వెలుగు ఆరగానే ఆ కణం వెంటనే మామూలు స్థితికి రాలేదు. అందువల్ల అణిచినదానిలో సగం దాదాపు 60 మిల్లీసెకన్లలో వదులుతుంది, మిగతా సగం వదలడానికి సెకన్లు పడుతుంది. ఎంతసేపు, ఎంత గట్టిగా అణిచిందన్న దానిని బట్టి ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది కూడా. ఎవరూ లెక్కగట్టి పెట్టిన స్వభావం కాదిది, ఆ పదార్థానికి సహజంగా ఉన్న నిదానమే.

దీని ఉచిత నమూనాగా అనలాగ్ అబ్సెషన్ వారి లాలా దొరుకుతుంది. లాజిక్ ప్రో ఉన్నవారికి, అందులోని కంప్రెసర్లో వింటేజ్ ఆప్టో అనే రకం ఉంది. పక్కనున్న మీటను లిమిట్ మీద కాక కంప్రెస్ మీద ఉంచండి. ఎంత అణచాలో నిర్ణయించే పీక్ రిడక్షన్ మీటను సున్నాకు తెచ్చి, పాటలో గొంతు అన్నిటికంటే పైకి వెళ్లే పంక్తిని ఎంచుకుని, అది మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టండి. ఇప్పుడు పీక్ రిడక్షన్ పెంచుతూ, ముల్లు 10 డీబీ దాకా పడేలా కావాలనే అతిగా అణచండి. గెయిన్‌తో స్థాయి సరిచేసి వినండి. గొంతు మీదికి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఈ రోగలక్షణాన్ని ఒకసారి గుర్తుపట్టిన తర్వాత, అది మాయమయ్యేదాకా మీటను వెనక్కి తిప్పండి. గట్టి మాటల దగ్గర 3 నుంచి 5 డీబీ, మెల్లని మాటల దగ్గర ముల్లు దాదాపు కదలని స్థితి వస్తే అక్కడ ఆగండి.

తెలుగు పాటకు ఇది బాగా నప్పడానికి ఒక కారణం నాకు తోస్తుంది. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, గాయకుడు పంక్తి చివరి అచ్చును పట్టుకుని సాగదీస్తాడు. ‘రామయ్యా’ అన్న పిలుపులో ‘య్యా’ తర్వాత వచ్చే దీర్ఘం మెల్లగా సన్నగిల్లుతూ పోవాలి. కంప్రెసర్ త్వరగా వదిలేసేదైతే, గొంతు సన్నబడే కొద్దీ అది స్థాయిని పైకి ఎత్తుతుంది. దీర్ఘం సన్నబడకుండా ఉబ్బుతుంది, దాని వెనుకే పీల్చే ఊపిరి గట్టిగా వినిపిస్తుంది. ఎల్‌ఏ-2ఏ నిదానంగా వదులుతుంది కాబట్టి ఆ దీర్ఘం గాయకుడు పాడినట్టే వాలుతుంది. మీ పాటలో అలాంటి ఒక పంక్తిని ఎంచుకుని, చివరి అచ్చును మాత్రమే పది సార్లు వినండి.

దీని లోపమూ అక్కడే ఉంది. పట్టుకోవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కనుక, ‘ట’, ‘క’, ‘ప’ల మొదటి దెబ్బ దాని చేతికి దొరకకుండా తప్పించుకుంటుంది. నిదానమైన కీర్తనకు ఇది లోటు కాదు. గుక్క తిప్పుకోకుండా పదాలు విసిరే జానపద గాయకుని దగ్గర మాత్రం సరిపోదు. కనీసం ఒక వారం పాటు గాత్రం మీద మరో కంప్రెసర్ వాడకుండా ఈ లోటును మీ చెవితో మీరే పట్టుకోండి.

నాలుగవ మెట్టు: 1176

అమెరికన్ స్టూడియో ఇంజినీరు బిల్ పుట్నమ్ 1967 ప్రాంతంలో తెచ్చిన యంత్రం ఇది. వాక్యూమ్ ట్యూబుల స్థానంలో ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరుతో స్థాయిని అదుపు చేయడం దీని ప్రత్యేకత, అందుకే దీనిని ఫెట్ కంప్రెసర్ అంటారు. ఎల్‌ఏ-2ఏ ముసలి నీరుగంటి అయితే, ఇది కట్ట మీదే పడుకునే కుర్రవాడు. అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో ఒక్క శాంపిల్ (ధ్వనిని ఒకసారి కొలిచి అంకెగా రాసుకునే క్షణం) నిడివి దాదాపు 20.8 మైక్రోసెకన్లని గుర్తుచేసుకుంటే ఆ వేగం ఎంతో అర్థమవుతుంది. దీని అతి నిదానమైన అటాక్ కూడా ఒక మిల్లీసెకను దాటదు. రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల దాకా ఉంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అటాక్, రిలీజ్ మీటల మీద 1 నుంచి 7 దాకా అంకెలుంటాయి. 1 నిదానం, 7 వేగం. మిగతా కంప్రెసర్లలో అంకె పెరిగితే మిల్లీసెకన్లు పెరుగుతాయి కాబట్టి ఎవరైనా దీనిని తలకిందులుగానే అర్థం చేసుకుంటారు. నేనూ అలాగే, చెక్కల దెబ్బ బాగా తెలియాలని నిదానమైన అటాక్ కోసం మీటను 7 మీద పెట్టి, దెబ్బ చచ్చిపోతుంటే తప్పు మైకుదని నెల రోజులు అనుకున్నాను. ప్లగిన్ మీద చిన్న కాగితం ముక్క అంటించలేం గదా, మానిటరు అంచు మీద అంటించాను: ‘ఏడు అంటే వేగం’.

రెండవ విచిత్రం, దీనికి థ్రెషోల్డ్ మీట లేదు. గుర్తు ఒకచోట స్థిరంగా ఉంటుంది. ఇన్‌పుట్ పెంచి మనమే ధ్వనిని ఆ గుర్తు పైకి నెట్టాలి, పెరిగిన స్థాయిని అవుట్‌పుట్‌తో తగ్గించుకోవాలి. ఈ రెండు మీటలనూ ఎదురెదురుగా తిప్పడం చేతికి అలవాటయ్యేదాకా మిగతావి ముట్టుకోకండి.

గాత్రానికి రేషియో 4 బొత్తాము నొక్కండి. అటాక్‌ను గడియారంలో 10 గంటల ముల్లు ఉండే చోట, రిలీజ్‌ను 2 గంటల చోట పెట్టండి. డాక్టర్ పెప్పర్ అనే అమెరికన్ శీతల పానీయం పాత సీసాల మీద 10, 2, 4 అంకెలుండేవి కాబట్టి, అక్కడి ఇంజినీర్లు ఈ అమరికను ఆ పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. ఇన్‌పుట్ పెంచుతూ గట్టి మాటల దగ్గర ముల్లు 3 నుంచి 5 డీబీ పడి వెంటనే లేచేలా చూడండి. ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే ఇన్‌పుట్ ఎక్కువైనట్టు.

అటాక్ అంటే ఏమిటో చెవికి నేర్పడానికి చెక్కల ట్రాకును మించినది లేదు. చెక్కభజనలో చేతి చెక్కల దెబ్బ ‘టక్’ మని మొదలవుతుంది, దాని వెనుకే చెక్కకు బిగించిన చిన్న రేకు బిళ్లల గలగల ఉంటుంది. రేషియో 8, రిలీజ్ 5 మీద ఉంచి, అటాక్‌ను 7 మీద పెట్టి 6 డీబీ అణచండి. ‘టక్’ కనబడదు, గలగల మాత్రం ముందుకు వస్తుంది. చెక్కలు గది మూలకు జరిగినట్టు ఉంటుంది. ఇప్పుడు అటాక్‌ను నెమ్మదిగా 1 దాకా తెస్తూ వినండి. 3 దగ్గరికి వచ్చేసరికి చెక్క అంచు మళ్లీ వినిపించడం మొదలవుతుంది. ఒక్క మీటతో వాయిద్యాన్ని వెనక్కి జరపవచ్చు, ముందుకూ లాగవచ్చు అన్నది ఈ ప్రయోగంలో తెలిసినంతగా ఎన్ని వ్యాసాలు చదివినా తెలియదు.

రిలీజ్ కోసం డోలక్ తీసుకోండి. డోలక్ ఎడమ వైపు ‘ధుం’ 80 హెర్ట్జ్ దగ్గర మోగిందనుకుంటే, ఆ తరంగం ఒక్క చుట్టు తిరగడానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. అటాక్, రిలీజ్ రెండూ 7 మీద ఉంటే, కంప్రెసర్ దెబ్బను కాక తరంగంలోని ఎత్తుపల్లాలనే వెంటాడి వాటి ఆకారాన్ని నలిపేస్తుంది. ‘ధుం’లో ఒక గరగర చేరుతుంది. తప్పెట లాంటి వాయిద్యంలో ఆ గరగర కొన్నిసార్లు అందమే. గొంతులో మాత్రం అది జలుబులా వినిపిస్తుంది.

నాలుగు రేషియో బొత్తాములనూ ఒకేసారి నొక్కే పద్ధతి కూడా ఉంది. యంత్రాన్ని తయారుచేసినవారు అనుకోని వాడకం ఇది. తప్పెట ట్రాకుకు ఒక నకలు తీసి, నకలు మీద మాత్రమే ఇలా నొక్కి 15 డీబీ దాకా చితక్కొట్టి, దాని ఫేడరును (ట్రాకు స్థాయిని పెంచి దించే జారుడు మీటను) పూర్తిగా దించి, అసలు ట్రాకు కింద వినీవినిపించనంత మేరకు పైకి తేండి. అసలు దెబ్బ చెడదు, దాని వెనుక ఒళ్లు మాత్రం నిండుతుంది.

ఐదవ మెట్టు: రెండింటినీ వరుసగా పెట్టడం

ఒక కంప్రెసర్‌తో 8 డీబీ అణచడం కన్నా, రెండింటితో చెరి 3, 4 డీబీ అణిస్తే గొంతు సహజంగా ఉంటుంది. ముందు 1176, తర్వాత ఎల్‌ఏ-2ఏ. మొదటిది ఎగిరిపడే అక్షరాలను మాత్రమే పట్టుకుని వదిలేస్తుంది. ఆ దెబ్బలు ముందే తగ్గిపోయాయి కాబట్టి రెండవది కంగారు పడకుండా పంక్తికీ పంక్తికీ మధ్య స్థాయిని సరిచూస్తుంది. ఈ వరుసను తిప్పి కూడా వినండి. కొన్ని గొంతులకు అదే బాగుంటుంది. అయితే పల్లవి మెల్లగా, చరణం మరీ గట్టిగా పాడినప్పుడు ఆ తేడాను కంప్రెసర్ నెత్తిన వేయకండి. ముందు ఆ భాగాలను చేత్తో, ఫేడరు ఆటోమేషన్‌తో (ఏ చోట ఎంత స్థాయి ఉండాలో ముందే గీసిపెట్టి) సరిచేసి, మిగిలిందే వీటికి వదలండి. కంప్రెసర్ ప్రవేశించకముందు చేసే ఈ అరగంట పని విసుగ్గా ఉంటుంది, కానీ నా మిక్సుల్లో పెద్ద మార్పు వచ్చింది దీనివల్లనే.

ఆరవ మెట్టు: డోలక్‌కు డీబీఎక్స్ 160

డేవిడ్ బ్లాక్‌మర్ స్థాపించిన డీబీఎక్స్ సంస్థ 1976లో తెచ్చిన ఈ యంత్రంలో థ్రెషోల్డ్, కంప్రెషన్, అవుట్‌పుట్ అనే మూడే మీటలున్నాయి. అటాక్, రిలీజ్‌లను అదే నిర్ణయించుకుంటుంది. ధ్వని గుర్తును 10 డీబీ దాటితే దాదాపు 15 మిల్లీసెకన్లలో, 20 డీబీ దాటితే 5 మిల్లీసెకన్లలో పట్టుకుంటుంది. అంటే మామూలు దెబ్బ అంచును వదిలేసి, మరీ గట్టిదాన్ని త్వరగా పట్టుకుంటుంది. డోలక్ వాయించేవారు ఉత్సాహంలో దెబ్బ పెంచుకుంటూ పోవడం మామూలే కాబట్టి ఈ స్వభావం అక్కడ చక్కగా పనికివస్తుంది. కంప్రెషన్ 4 దగ్గర ఉంచి, థ్రెషోల్డ్‌ను 4 నుంచి 6 డీబీ అణిగేదాకా దించండి. నేర్చుకోవడానికి ఇందులో అంతకంటే ఎక్కువ లేదు, ఒక సాయంత్రం చాలు.

ఏడవ మెట్టు: మొత్తం మిక్స్ మీద ఎస్‌ఎస్‌ఎల్

ఎస్‌ఎస్‌ఎల్ (సాలిడ్ స్టేట్ లాజిక్) సంస్థ 4000 శ్రేణి మిక్సింగ్ కన్సోల్ మధ్యలో ఉండే స్టీరియో కంప్రెసర్‌కు ఉచిత నమూనా కావాలంటే బస్టర్‌ఎస్‌ఈని చూడండి. అసలు యంత్రంలో రేషియో 2, 4, 10 మాత్రమే. అటాక్ 0.1 నుంచి 30 మిల్లీసెకన్ల దాకా ఆరు మెట్లు, రిలీజ్ 0.1, 0.3, 0.6, 1.2 సెకన్లు, వాటితో పాటు ఆటో ఉంటాయి. ఇన్ని తక్కువ ఎంపికలుండటం వల్ల పాట లయతో రిలీజ్‌ను జతపరచడం తేలిక. చెక్కభజన పాట నిమిషానికి 96 దెబ్బల వేగంలో నడుస్తుంటే ఒక దెబ్బ 625 మిల్లీసెకన్లు, సగం దెబ్బ దాదాపు 312. కాబట్టి 0.3 సెకన్ల రిలీజ్ పెడితే ముల్లు ప్రతి దెబ్బకూ పడి, తర్వాతి సగానికి లేస్తుంది. ముల్లు తాళం వేస్తున్నట్టు కనిపించాలి.

రేషియో 2, అటాక్ 30తో మొదలుపెట్టి, 1 నుంచి 2 డీబీ మించకుండా అణచండి. డోలక్ ‘ధుం’ పడినప్పుడల్లా గొంతు కూడా లోపలికి కుంగుతుంటే, సైడ్‌చెయిన్‌లోని (కంప్రెసర్ ఎంత అణచాలో తేల్చుకోవడానికి వినే దారిలోని) హై పాస్ ఫిల్టరును 90 హెర్ట్జ్ పైకి తేండి. అప్పుడు కంప్రెసర్ ఆ అడుగు ధ్వనిని లెక్కలోకి తీసుకోకుండా నిర్ణయాలు చేస్తుంది. దీనిని అన్నీ అయ్యాక చివరన కాక, ట్రాకుల స్థాయిలు ఒక మాదిరిగా కుదిరిన వెంటనే వేసి, దానిలోంచి వింటూ మిగతా పని చేయడం మేలు. చివర్లో వేస్తే అంతవరకూ కుదిర్చిన తూకం కదిలిపోతుంది.

పాటను పెద్దదిగా చేయడానికి దీనిని వాడకండి. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 లఫ్స్ (లౌడ్‌నెస్ మీటరు చూపే కొలత) కన్నా పెద్దగా ఉన్న పాటను తనంతట తానే తగ్గిస్తుంది కాబట్టి, చితక్కొట్టి పెంచినదంతా అక్కడ వృథా అవుతుంది, చితికినది మాత్రం మిగులుతుంది.

ఫెయిర్‌చైల్డ్ 670 గురించి అందరూ అడుగుతారు. రైన్ నార్మా 1950ల చివర రికార్డు ప్లేట్లు కోసే పనికోసం రూపొందించిన, 20 ట్యూబులతో దాదాపు 30 కిలోల బరువుండే యంత్రమిది. అణిచేకొద్దీ రేషియో తనంతట తానే పెరగడం ఈ రకం ట్యూబు కంప్రెసర్ల స్వభావం. ఆ స్వభావం తెలుసుకోవడానికి క్లాంగ్‌హెల్మ్ వారి ఉచిత ఎమ్‌జేయూసీ జూనియర్ చాలు. గాత్ర బృందం మీద 2 డీబీ అణిచి వినండి. పై నాలుగూ చేతికి వచ్చేదాకా దీని మీద డబ్బు పెట్టవలసిన అవసరం నాకైతే కనిపించలేదు.

ఒక పాట మీద పని జరిగే తీరు

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి ట్రాకుకూ ఏ కంప్రెసర్, ఎంత రిడక్షన్, ఎందుకు అన్నది ఒక్క పంక్తిలో రాయండి. ‘ఎందుకు’ దగ్గర రాయడానికి ఏమీ తోచకపోతే ఆ ప్లగిన్‌ను తీసేయండి. గురువుగారి పాట రెండవ సారి చేసినప్పుడు నా పుస్తకంలో ఇలా ఉంది: గొంతు, 1176, 3 డీబీ, ‘ట’లు ఎగురుతున్నాయి, గొంతు, ఎల్‌ఏ-2ఏ, 3 డీబీ, చరణం పల్లవి కన్నా ముందుకొస్తోంది, డోలక్, డీబీఎక్స్, 5 డీబీ, మూడో చరణంలో దెబ్బ పెరిగింది, హార్మోనియం, ఏమీ లేదు. హార్మోనియం స్థాయి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దానిని అణచడానికి కారణం దొరకలేదు.

మిక్స్ పూర్తయ్యాక ఒక రాత్రి వదిలేసి, మరుసటి ఉదయం చిన్న స్థాయిలో, ఫోను స్పీకరు మీద వినండి. అప్పుడు ఏ మాటైనా మాయమైతే గొంతు ఇంకా అసమానంగా ఉన్నట్టు. ఏ మాటా మాయం కాకపోయినా రెండో చరణానికే అలసట వస్తే అతిగా అణిచినట్టు, అన్నింటిలోనూ ఒక్కొక్క డీబీ వెనక్కి ఇవ్వండి.

ఆ రెండవ మిక్స్‌ను గురువుగారు ఈసారి చివరిదాకా విన్నారు. గొంతు గురించీ గది గురించీ ఒక్క మాటా అనలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, “రెండో చరణంలో తాళం జారింది నాయనా, మళ్లా పాడల్ల” అన్నారు. మరుసటి రోజు తెల్లవారుజామున మళ్లీ బొంతలు కట్టాము.